టెన్త్‌కి ఒక్క పేజీ చాలు... రాసింది మీరే అయితే!

ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, టెన్త్ పిల్లలున్న ప్రతి ఇంట్లో వాట్సాప్ మోగుతూనే ఉంటుంది. 'బయాలజీ మొత్తం ఒక్క పేజీలో', 'సోషల్ లాస్ట్ మినిట్ రివిజన్', 'ఇది చదివితే పాస్ పక్కా'... ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకి పీడీఎఫ్‌లు పరుగులు పెడుతుంటాయి. డౌన్‌లోడ్ చేస్తారు, జిరాక్స్ తీయిస్తారు, పరీక్ష అట్టకు క్లిప్పు పెట్టుకుని తిరుగుతారు. చేతిలో కాగితం ఉంటే అదో ధైర్యం. కానీ పరీక్ష హాల్లోకి ఆ కాగితం రాదు కదా! అందులోది తలలోకి ఎంత వచ్చిందన్నదే లెక్క.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ దగ్గర ఓ ఊరు. మా అక్కను మహబూబ్‌నగర్ జిల్లా కోయిల్‌కొండ వైపు ఇచ్చాం. మూడేళ్లుగా నెలలో రెండు ఆదివారాలు మా ఊళ్లో, ఒక ఆదివారం అక్కవాళ్ల ఊళ్లో టెన్త్ పిల్లలతో కూర్చుంటున్నాను. కోచింగ్ అనేంత పెద్ద మాటేం కాదు. పంచాయతీ ఆఫీసు వరండా, ఒక చాప, పది పన్నెండు మంది పిల్లలు, కట్ట తెల్లకాగితాలు. మా దగ్గర జరిగే పని ఒక్కటే: ఒక పాఠానికి ఒక పేజీ.

ఈ మూడేళ్లలో నాకు బాగా అర్థమైన విషయం ఇదీ. ఒక్క పేజీ షీట్ నిజంగా పనిచేస్తుంది. కాకపోతే చదివితే కాదు, చూడకుండా రాస్తే. ఇంకొకరు రాసిచ్చిన షీట్ మనకు ధైర్యం ఇస్తుంది. మనం రాసుకున్న షీట్ మనకు ఏం రాదో చెబుతుంది. పరీక్షకు ముందు కావాల్సింది ఆ రెండోదే.

మార్కులతో ముడిపడిన దారి

'టెన్త్ మార్కులు ఎవరడుగుతారు బ్రో?' అని సిటీలో అంటుంటారు. మా వైపు పిల్లలకు మాత్రం అవి అడిగే చోటు ఒకటుంది. బాసర ట్రిపుల్ ఐటీ. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం కింద పల్లె పిల్లల కోసం మొదలైన ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు అది. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు అక్కడే. దానికి వేరే ఎంట్రన్స్ లేదు. టెన్త్ మెరిట్టే ఎంట్రన్స్. ప్రభుత్వ బడుల పిల్లలకు కొంత వెయిటేజీ కూడా ఉంటుంది. 2025లో మహబూబ్‌నగర్‌లోనూ ఈ యూనివర్సిటీ తరఫున ట్రిపుల్ ఐటీ మొదలైంది. అంటే పాలమూరు పిల్లకు ఆ గేటు ఇప్పుడు ఇంకాస్త దగ్గర.

టెన్త్‌లో ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. సైన్స్ రెండు పేపర్లు కాబట్టి ఏడు రోజులు పరీక్ష రాయాలి. 2025 నుంచి మెమోలో సీజీపీఏ పోయి మార్కులు వచ్చాయి. ఒకప్పుడు 91 వచ్చినా 98 వచ్చినా ఒకటే గ్రేడు. ఇప్పుడు అలా కాదు, ప్రతి మార్కూ లెక్కే. రెండు మార్కుల ప్రశ్నలో ఒక్క పాయింటు మర్చిపోయినా మెరిట్ లిస్టులో కిందికి జారిపోవచ్చు.

మరి ఆ పాయింట్లు గుర్తుండాలంటే ముందు పాఠం వినాలి కదా. చిక్కంతా అక్కడే. దసరా నుంచి సంక్రాంతి దాకా మా దగ్గర పత్తి ఏరే కాలం. కూలీలు దొరకరు. తెల్లారి పొలానికి వెళ్లిన పిల్లలు వారంలో రెండు మూడు రోజులు బడికి రారు. పాలమూరు వైపు ఇంకో కథ. అమ్మానాన్న పుణె, ముంబై పనులకు పోతే పిల్లలు అవ్వ దగ్గర ఉండి చదువుకుంటారు. ఇంట్లో కూర్చోబెట్టి 'ఏదీ, ఈ ప్రశ్నకు జవాబు చెప్పు' అని అడిగే మనిషి ఉండరు.

ఈ నేలకు చదువు విలువ ఒకరు చెప్పాల్సింది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి గురుకుల పాఠశాల 1971లో మొదలైంది ఉమ్మడి నల్గొండ జిల్లా సర్వేల్‌లోనే, పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. గురుకులంలో స్టడీ అవర్ ఉంటుంది, అడిగే సార్ ఉంటారు. సాయంత్రం ఇంటికొచ్చే డే స్కాలర్‌కి ఆ రెండూ ఉండవు. ఒక్క పేజీ షీట్ ఆ ఖాళీని కొంతైనా పూడ్చగలదా? ఇదే నాకు ఆసక్తి.

చిట్టీ రాసినోడికి చిట్టీ అక్కర్లేదు

ప్రతి క్లాసులో ఒక చిట్టీ వీరుడు ఉంటాడు. పరీక్ష ముందు రాత్రి కూర్చుని, బస్ టికెట్ అంత కాగితం మీద చీమ తలంత అక్షరాలతో పాఠం మొత్తం కుదిస్తాడు. ఏది ముఖ్యం, ఏది వదిలేయొచ్చు అని తెగ ఆలోచిస్తాడు. పొద్దున హాల్లో కూర్చున్నాక చూస్తే, జేబులోంచి తీయాల్సిన అవసరమే రాదు. అంతా నోటికొచ్చేసి ఉంటుంది. మా పిల్లలకు ఈ మాట చెప్పగానే నవ్వుతారు. ఎందుకంటే అలాంటోడు ఒకడు ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఆ చిట్టీలోంచి కాపీ తీసేస్తే మిగిలేదే మన షీట్. చోటు తక్కువ కాబట్టి ఎంచుకోవాలి. ఎంచుకోవాలంటే అర్థం చేసుకోవాలి. పది పేజీల పాఠం పది పేజీల నోట్సుగా మారితే చేతికి పని తప్ప తలకు పని లేదు. పది పేజీలు ఒక్క పేజీ కావాలంటే మాత్రం తల పనిచేయక తప్పదు.

మా ఆఫీసులోనూ ఇదే చూస్తుంటాను. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఏం చేయాలో ఒక్క పేజీలో రాసి పెట్టుకుంటాం. దాన్ని రన్‌బుక్ అంటారు. ఆ పేజీ రాసినవాళ్లు ఫోన్ ఎత్తగానే పనిలోకి దిగుతారు. చదివి ఊరుకున్నవాళ్లు ఒక్కో లైను వెతుక్కుంటూ కూర్చుంటారు. కాగితం ఒకటే, తేడా మనుషుల్లో ఉంది.

పరిశోధనలు ఏమంటున్నాయి?

'అన్నా, చదివితేనే గుర్తుంటది గదా, చూడకుండ రాస్తే టైం వేస్టు' అని మొదట్లో ప్రతి బ్యాచూ వాదిస్తుంది. అప్పుడు వాళ్లకు ఈ ప్రయోగం గురించి చెబుతాను.

2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు విద్యార్థులతో చిన్న పాఠాలు చదివించారు. సగం పాఠాలను మళ్లీ ఒకసారి చదవమన్నారు. మిగతా సగాన్ని మళ్లీ చూడకుండా, గుర్తున్నదంతా కాగితం మీద రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండోసారి చదివినవి 81 శాతం గుర్తున్నాయి, చూడకుండా రాసినవి 75 శాతం. 'చూశావా అన్నా, చదవడమే బెటరు!' అంటారు మావాళ్లు ఇక్కడికి రాగానే. ఆగండి. వారం తర్వాత పరీక్ష పెడితే లెక్క తిరగబడింది. చదివినవి 42 శాతానికి పడిపోయాయి. చూడకుండా రాసినవి 56 శాతం దగ్గర నిలిచాయి.

టెన్త్ పరీక్ష ఐదు నిమిషాల్లో రాదు కదా. నెలల తర్వాత వస్తుంది. మనకు కావాల్సింది ఆ రెండో లెక్క.

దీంట్లో ఇంకో తమాషా ఉంది. అదే పరిశోధనలో మళ్లీ మళ్లీ చదివినవాళ్లే 'నాకు బాగా గుర్తుంటుంది' అని ఎక్కువ నమ్మకంగా చెప్పారు. తీరా పరీక్షలో వెనకబడింది వాళ్లే. చదువుతున్నప్పుడు పేజీ బాగా తెలిసిన మనిషిలా కనిపిస్తుంది. అది పరిచయం మాత్రమే, జ్ఞాపకం కాదు. బస్టాండులో రోజూ కనిపించే మనిషి ముఖం తెలుసు, పేరు అడిగితే చెప్పలేం. అలాంటిదే ఇదీ.

మర్చిపోవడం గురించి జర్మనీకి చెందిన ఎబింగ్‌హాస్ 1885లోనే రాశాడు. తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్న మొదటి గంటల్లోనే మరుపు జోరుగా ఉంటుందని, తర్వాత నెమ్మదిస్తుందని లెక్కలు వేశాడు. 2013లో కెంట్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డన్‌లోస్కీ బృందం పది రకాల చదువు పద్ధతుల్ని పోల్చి చూసింది. తమను తాము పరీక్షించుకోవడం, రోజులు విడిచి మళ్లీ చూసుకోవడం, ఈ రెండూ బాగా ఉపయోగపడేవాటిలో నిలిచాయి. గీతలు గీయడం, మళ్లీ మళ్లీ చదవడం తక్కువ ఉపయోగం ఉన్నవాటిలో చేరాయి. ఇంకో విషయం, సారాంశం రాయడం కూడా ఆ తక్కువ లిస్టులోనే ఉంది!

అంటే ఏంటి? పుస్తకం తెరిచి పెట్టుకుని, రంగురంగుల స్కెచ్ పెన్నులతో అందమైన షీట్ తయారు చేస్తే అది డ్రాయింగ్ క్లాసే. షీట్ చదువుగా మారేది పుస్తకం మూసినప్పుడు.

మొదటి షీట్ మన ఊరి నీళ్ల మీద

కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు నేను టెక్స్ట్ బుక్ తెరవను. 'మన నీళ్ల గురించి ఒక పేజీ రాయండి' అంటాను. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ గురించి తెలియని పిల్లలు ఉండరు. తాతల వంగిన నడుములు, పళ్ల మీద గోధుమ రంగు చారలు చూస్తూ పెరిగినవాళ్లే. కాబట్టి 'నాకేం తెల్వదు' అనే వీల్లేదు.

మొదటిసారి రాసేది ఎలా ఉంటుందో చెప్పనా? 'మా ఊరిలో ఫ్లోరైడ్ ఎక్కువ. దాని వల్ల చాలా సమస్యలు వస్తాయి. ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి.' పేజీ నిండుతుంది గానీ అందులో మార్కు వచ్చే మాట ఒక్కటీ ఉండదు. అప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి. ఎక్కువ అంటే ఎంత? సమస్యలు అంటే ఏవి? చర్య అంటే ఏం చేస్తారు?

వెతికి, మాట్లాడుకుని, మళ్లీ రాస్తే పేజీ మారిపోతుంది. ఎంత ఉండాలి: లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ల దిక్కు లేనప్పుడు 1.5 వరకు. ఎక్కడ దెబ్బ: పళ్లు, ఎముకలు. ఎలా తీస్తారు: నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు, కలియబెడతారు, ముద్దలు కట్టి అడుగుకు చేరేదాకా ఆగుతారు, పైనీళ్లు వడకడతారు. ఈ పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారు చేసింది. ప్రపంచం దీన్ని పిలిచే పేరు 'నల్గొండ టెక్నిక్'. ఇక్కడికొచ్చేసరికి పిల్లల ముఖాలు చూడాలి. 'మన నల్గొండ పేరేనా అన్నా?' అని రెండుసార్లు అడుగుతారు. ఇక ఆ పేజీని వాళ్లు మర్చిపోమన్నా మర్చిపోరు.

మంచి షీట్ అంటే ఏంటో దీంతోనే అర్థమైపోతుంది. 'చాలా', 'ఎక్కువ', 'మొదలైనవి' లాంటి మాటలు తీసేసి అంకె, పేరు, వరుస పెట్టడం. అంతే.

ఇక పాఠంలోకి: ఒక పేజీ, నాలుగు పనులు

మేం చేసే తీరు ఇలా ఉంటుంది. మీ తమ్ముడితోనో చెల్లితోనో ఈ రోజే మొదలుపెట్టించొచ్చు.

ఒకటి: పాఠం ఒకసారి మామూలుగా చదవాలి. పుస్తకం మూసేయాలి. నీలం పెన్నుతో, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయాలి. పదిహేను నిమిషాలు. మధ్యలో పుస్తకం తెరవొద్దు.

రెండు: ఇప్పుడు పుస్తకం తెరిచి, వదిలేసినవి, తప్పు రాసినవి ఎర్ర పెన్నుతో చేర్చాలి. ఆ ఎరుపే అసలు సిలబస్. నీలం మీకు వచ్చేసింది. రేపు చదవాల్సింది ఎరుపు మాత్రమే.

మూడు: ఇంకో కాగితం తీసుకుని నిలువుగా మడత పెట్టాలి. ఎడమవైపు ప్రశ్నలు లేదా హెడ్డింగులు, కుడివైపు జవాబులు. చదివేటప్పుడు కుడివైపు మడిచేసి, ఎడమ చూసి చెప్పాలి. ఇది నేను కనిపెట్టిందేం కాదు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ అనే ప్రొఫెసర్ 1950ల్లోనే ఇలాంటి నోట్సు పద్ధతి నేర్పాడు. ఇప్పటికీ దాన్ని కార్నెల్ నోట్స్ అనే అంటారు.

నాలుగు: తేదీ వెయ్యాలి. మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి ఆ మడత తీయకుండా చెప్పుకోవాలి. చెప్పిన ప్రతిసారీ మూలన ఒక టిక్కు. మూడు టిక్కులు పడిన షీట్ కిందికి, పడనిది పైకి.

బయాలజీలో 'విసర్జన' పాఠం తీసుకోండి. పేరు వినగానే పిల్లలు ఆవలిస్తారు. ఎడమవైపు ఇలా రాస్తాం: 'మూత్రం ఏర్పడే దశలు (4)'. కుడివైపు: గుచ్ఛగాలనం, వరణాత్మక పునఃశోషణం, నాళికా స్రావం, గాఢమైన మూత్రం ఏర్పడటం. దాని కింద ఒక 'ఎందుకు' ప్రశ్న తప్పకుండా ఉండాలి: 'మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్లు వడకడితే బయటికి లీటరున్నరే ఎందుకు వస్తుంది?' జవాబు పైనున్న రెండో దశలోనే ఉంది. పనికొచ్చేవన్నీ శరీరం మళ్లీ లోపలికే తీసుకుంటుంది కాబట్టి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే 'పునఃశోషణం' అనే నోరు తిరగని మాట ఇక బట్టీ పట్టక్కర్లేదు. పేజీ కింద సగం నెఫ్రాన్ బొమ్మ. అదీ చూడకుండానే. బొమ్మ బాగుందా లేదా అని చూడం, భాగాలు సరిగ్గా ఉన్నాయా అనే చూస్తాం.

అవ్వ నేర్పిన లెక్క

పైన '(4)' అని బ్రాకెట్లో అంకె వేశాను, గమనించారా? అది కోయిల్‌కొండ వైపు ఒక అవ్వ పుణ్యం.

ఆ పాప అమ్మానాన్న పుణెలో బిల్డింగ్ పనికి వెళ్లారు. ఇంట్లో అవ్వ, మనవరాలు. షీట్లు బాగానే రాస్తుంది, కానీ ఇంటి దగ్గర అడిగేవాళ్లు లేరు. 'మీ అవ్వను అడగమను' అన్నాను. 'అవ్వకు సదువు రాదు గదన్నా' అంది. నిజమే, అక్షరాలు రావు. కానీ అవ్వకు అంకెలు వచ్చు. నోట్లు చూసి, ఫోన్లో నంబర్లు చూసి నేర్చుకుంది. రేషన్ షాపులో ఆమెను ఎవరూ మోసం చేయలేరు!

ఆ పాపే ప్రతి హెడ్డింగు పక్కన ఎన్ని పాయింట్లో అంకె వేసి కాగితం అవ్వ చేతికిచ్చింది. పిల్ల చెబుతుంటే అవ్వ ఒక్కో వేలూ మడుస్తుంది. 'నాలుగని రాసినవ్, మూడే జెప్పినవ్. ఇంకోటేది బిడ్డా?' అంటుంది. అంతే! గుర్తొచ్చేదాకా వదలదు. పాయింటు తప్పా ఒప్పా అవ్వకు తెలియదు. దాన్ని మర్నాడు పుస్తకంలో చూసుకోవచ్చు. కానీ ఒకటి తగ్గిందని తెలుసు, చాలు. ఇల్లు ఊడుస్తూ, పొయ్యి దగ్గర కూర్చుని, అవ్వ ఎగ్జామినర్ అయిపోయింది.

అప్పటి నుంచి మా రెండు ఊళ్లలోనూ అంకె లేకుండా హెడ్డింగు రాయకూడదనేది రూలు. చదువురాని అమ్మానాన్నలు 'మాకేం తెలుసు' అని పక్కకు జరిగే పని లేదు. వేళ్లు మడిస్తే చాలు. పత్తి చేనులో పక్కపక్క సాళ్లలో ఏరుతూ కూడా తల్లీకూతుళ్లు ఇలా చెప్పుకోవడం నేను చూశాను. పిల్లల్ని చేనుకు తీసుకెళ్లడం సరే అని చెప్పడం లేదు. బడి మానాల్సిన రోజు కూడా పూర్తిగా పోకూడదని అంటున్నానంతే.

ఎక్కడ పనిచేయదు?

ఇది చదివి 'ఇక షీట్లుంటే టెక్స్ట్ బుక్ ఎందుకు' అనుకుంటే ఇబ్బందే. ఒక్క పేజీకి కొన్ని హద్దులున్నాయి.

మొదటిది, వినని పాఠానికి షీట్ రాయలేం. పత్తి రోజుల్లో క్లాసు మిస్సయిన పిల్లకు పక్క పిల్ల షీట్ ఇస్తే దారి తెలుస్తుంది, పాఠం రాదు. అలాంటివాళ్లకు మేం ముందు ఫ్రెండ్ చేత పావుగంట పాఠం చెప్పిస్తాం, ఆ తర్వాతే కాగితం. చెప్పిన పిల్లకు అదో రివిజన్.

రెండోది, మ్యాథ్స్. సూత్రాలన్నీ ఒక పేజీ మీద రాసి గోడకు అంటిస్తే లెక్కలు రావు. వర్గ సమీకరణాల సూత్రం అప్పజెప్పే పిల్లాడు కూడా గుర్తుల దగ్గర జారిపోతాడు. మ్యాథ్స్‌కి మేం రాసేది 'తప్పుల షీట్'. చేసిన లెక్కల్లో ఎక్కడ తప్పు జరిగింది, ఏ స్టెప్పులో, ఎందుకు. మైనస్ మర్చిపోయావా, ప్రశ్న సరిగా చదవలేదా? పది లెక్కలు చేసేసరికి ఎవరి తప్పు ఏ రకందో వాళ్లకే తెలిసిపోతుంది. ఆ పేజీ ఎవరికి వాళ్లదే, ఇంకొకరికి పనికిరాదు.

మూడోది, ఇంగ్లిష్, తెలుగు. వీటిలో పాఠ్యాంశాల వరకు షీట్ సాయపడుతుంది. సొంతంగా లేఖ రాయమన్నా, చదవని పేరా ఇచ్చి ప్రశ్నలడిగినా రోజూ చదవడం, రాయడం తప్ప అడ్డదారి లేదు.

మరి రెడీమేడ్ మెటీరియల్ దండగేనా? కాదు. మన ఎస్‌సీఈఆర్‌టీ టెన్త్ పిల్లల కోసం తయారు చేసిన అభ్యాస దీపికలు ఉన్నాయి. ఏ పాఠంలో ఏం ముఖ్యమో, ప్రశ్నలు ఎలా వస్తాయో వాటిలో తెలుస్తుంది. మేం వాటిని వాడేది షీట్ రాశాక. మనం రాసిన పేజీని దాని పక్కన పెట్టి, ఏం వదిలేశామో చూసుకోవడానికి. వాట్సాప్‌లో వచ్చే పీడీఎఫ్ కూడా అంతే. ముందు చూస్తే మనం ఆలోచించడం మానేస్తాం. తర్వాత చూస్తే అది మనకు కీ పేపర్.

ఫోన్‌లో షీట్ టైప్ చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. నా సలహా, కాగితమే. పరీక్ష రాసేది చేత్తోనే, బొమ్మ గీసేది చేత్తోనే. పైగా ఫోన్ తెరిస్తే నోట్స్ యాప్ కంటే ముందు రీల్స్ కనిపిస్తాయి. మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఫోన్‌ని ఒక్క పనికి వాడండి. రాసిన షీట్‌ని ఫొటో తీసి పెట్టుకోండి. బస్సులో, పెళ్లిలో, కరెంటు పోయినప్పుడు పనికొస్తుంది.

మీరు చేయగలిగింది

ఇది చదివే మీలో చాలామంది టెన్త్ ఎప్పుడో దాటేసి ఉంటారు. హైదరాబాద్‌లో జాబో, కోచింగో, కాలేజో. కానీ ఊళ్లో ఒక తమ్ముడో, మేనకోడలో, పక్కింటి పిల్లో ఈసారి పరీక్ష రాస్తూ ఉంటారు. వాళ్లకు మీరు పంపే పీడీఎఫ్ కంటే పది నిమిషాల ఫోన్ కాల్ ఎక్కువ పనిచేస్తుంది.

మా మేనకోడలితో నేను చేసేది అదే. రాత్రి ఎనిమిదిన్నరకు వీడియో కాల్. తను షీట్ ఫొటో నాకు పంపేస్తుంది, కాగితం మాత్రం పుస్తకంలో పెట్టేస్తుంది. నేను ఎడమవైపు హెడ్డింగులు అడుగుతాను, తను కుడివైపు చెబుతుంది. 'మామా, ఒక్క నిమిషం, యాదికొస్తుంది, చెప్పకు!' అని అరుస్తుంది చూడండి, ఆ ఒక్క నిమిషంలోనే చదువు జరుగుతుంది. అప్పుడు నోరు మూసుకుని ఆగడమే నా పని. జవాబు అందిస్తే పది సెకన్లు మిగులుతాయి, ఆ పాయింటు మళ్లీ పోతుంది.

డిసెంబర్ నుంచి రోజుకొక్క షీట్ అనుకున్నా మార్చికి తొంభై పేజీలు అవుతాయి. కట్ట కట్టి చేత్తో పట్టుకుంటే టెక్స్ట్ బుక్కుల్లో ఒక మూల కూడా రాదు. అందులో నీలం ఎంతుందో, ఎరుపు ఎంతుందో చూడండి. పరీక్ష ముందు రాత్రి మొత్తం పుస్తకం తిరగేసి కంగారు పడే పని లేదు. ఎర్ర గీతలు మాత్రం చూసుకుని, పదింటికల్లా పడుకోమనండి. నిద్ర కూడా రివిజన్‌లో భాగమే.

ఈ రాత్రికే ఊరికి ఫోన్ చేయండి. 'చదివావా?' అని అడగొద్దు. దానికి ఎప్పుడూ వచ్చే జవాబు 'ఆఁ, చదివినన్నా' అనే. 'పుస్తకం మూసి, ఇవాళ్టి పాఠంలో మూడు పాయింట్లు చెప్పు' అనండి. వేళ్లు మడుస్తూ వినండి.